గూగుల్ షీట్‌లో వరుసలు సర్దుకోవడం: అపార్ట్‌మెంట్ లెక్కలు రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా ఇప్పుడు అసోసియేషన్ లెక్కలు గూగుల్ షీట్‌లోనే ఉంటున్నాయి. మెయింటెనెన్స్ ఎవరు కట్టారు, ఎండాకాలంలో ట్యాంకర్లు ఎన్ని వచ్చాయి, లిఫ్ట్ రిపేరుకి ఎంతయింది, వినాయక చవితి చందా ఎంత పోగయింది, అన్నీ అందులోనే. కమిటీ మారిన ప్రతిసారీ కొత్తగా లెక్కలు చేపట్టినవాళ్లు అవే సందేహాలు అడుగుతుంటారు కాబట్టి అన్నిటినీ ఒక్కచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా జవాబు అక్కడే పూర్తిగా దొరుకుతుంది. మెనూల పేర్లు కంప్యూటర్‌లో కనిపించేవి.

నేను అందరికీ మొదట చెప్పే మాట ఒకటుంది. ఏ వరుసను తీసి ఎక్కడ పెట్టినా దాని అర్థం మారకూడదు. పైవరుస చూస్తే తప్ప ఈ వరుస ఎవరిదో తెలియదంటే ఆ షీట్ ఎప్పుడో ఒకప్పుడు లెక్క తప్పుతుంది.

## షీట్ మొదలుపెట్టే ముందు

ఒక్కో ఫ్లాట్‌కి ఒక్కో వరుస పెట్టి, నెలలన్నీ అడ్డంగా రాసుకుంటే బాగుంటుంది కదా?

చూడ్డానికి బాగుంటుంది. ఎడమవైపు ఫ్లాట్లు, పైన ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు కాలమ్‌లు. చిక్కల్లా రాసేటప్పుడే వస్తుంది. 302 వాళ్లు జూన్ మెయింటెనెన్స్ సగం ఫోన్‌పేలో, మిగతా సగం పది రోజుల తర్వాత చెక్కుగా ఇచ్చారనుకోండి. ఒక్క గడిలో రెండు తేదీలు, రెండు మొత్తాలు, చెక్కు నంబరు ఎలా పడతాయి? గడికి నోట్ తగిలించి అందులో రాస్తారు. ఆ నోట్‌ను సార్ట్ చేయలేం, అంటే క్రమంలో పేర్చలేం. ఫిల్టర్ చేయలేం, అంటే కావలసినవే కనిపించేలా వడకట్టలేం. కూడలేం.

అందుకే వచ్చిన ప్రతి చెల్లింపుకీ ఒక వరుస పెట్టండి. తేదీ, బ్లాక్, ఫ్లాట్, ఏ నెలకి, మొత్తం, ఎలా కట్టారు, లావాదేవీ నంబరు, వివరం. పాతకాలపు వ్యాపారులు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు రాసేవారు. వచ్చింది వచ్చినట్టు తేదీవారీగా చిట్టాలో ఎక్కించి, ఆ తర్వాత పద్దులవారీగా ఆవర్జాలోకి దించేవారు. మీ షీట్‌ను చిట్టాలా రాయండి. ఆవర్జా పని ఇన్సర్ట్ మెనూలోని 'పివట్ టేబుల్' చేసిపెడుతుంది. రోస్‌లో ఫ్లాట్, కాలమ్స్‌లో నెల, వాల్యూస్‌లో మొత్తం పెడితే మీరు కోరుకున్న అడ్డం పట్టిక వేరే ట్యాబ్‌లో, అంటే అదే ఫైల్‌లోని ఇంకో పేజీలో తయారవుతుంది.

ఒకే రోజు మూడు ట్యాంకర్లు వస్తే ఒకే వరుసలో 'మూడు' అని రాయొచ్చా?

వద్దు, మూడు వరుసలు రాయండి. ఒకటి 5,000 లీటర్లది, మరొకటి 10,000 లీటర్లది అయి ఉండొచ్చు. ఒకటి జలమండలిది, మిగతావి ప్రైవేటువి కావొచ్చు. వచ్చిన సమయం, లీటర్లు, బండి నంబరు, ధర, దించుకున్నప్పుడు చూసినవారు, ఇవన్నీ ట్యాంకరుకి ఒక్కటిగా ఉండే వివరాలు. నెలాఖరున ట్యాంకర్ల బిల్లు మీద మాటామాటా వచ్చినప్పుడు ఈ విడివిడి వరుసలే పనికొస్తాయి.

బ్లాక్ పేరు మొదటి వరుసలో ఒక్కసారి రాసి, కింద ఖాళీ వదిలేస్తే సరిపోదా?

కాగితం మీదైతే సరిపోతుంది. షీట్‌లో సరిపోదు. సార్ట్ చేసిన మరుక్షణం ఆ ఖాళీ వరుసలు ఏ బ్లాకువో చెప్పడానికి ఆధారం ఉండదు. ఫిల్టర్‌లో 'ఏ బ్లాక్' ఎంచుకుంటే ఒక్క వరుసే కనిపిస్తుంది. ప్రతి వరుసలోనూ బ్లాక్ రాయండి. చేత్తో కొట్టక్కర్లేదు. పేరున్న గడి నుంచి కిందికి కావలసినంత దూరం ఎంచుకుని కంట్రోల్, డి కలిపి నొక్కితే అన్నిటిలోకీ దిగుతుంది.

నెల నెలకీ మధ్య ఒక ఖాళీ వరుస వదిలితే కంటికి హాయిగా ఉంటుంది. తప్పేంటి?

ఒక గడి మీద కర్సర్ ఉంచి ఫిల్టర్ పెడితే, షీట్ తనంతట తాను డేటా ఎక్కడిదాకా ఉందో వెతుక్కుంటుంది. ఖాళీ వరుస తగలగానే అక్కడితో అయిపోయిందనుకుంటుంది. కింద ఉన్న నెలలన్నీ ఫిల్టర్ బయటే ఉండిపోతాయి. మధ్యమధ్యలో 'జూన్ మొత్తం' లాంటి కూడికల వరుసలూ అంతే హాని చేస్తాయి. సార్ట్ చేస్తే అవి చెల్లింపుల మధ్యకి చేరతాయి, అందరూ కట్టిన డబ్బుకి మళ్లీ అంత డబ్బు కలుస్తుంది. కంటికి హాయి కావాలంటే ఫార్మాట్ మెనూలో 'ఆల్టర్నేటింగ్ కలర్స్' ఉంది. మొత్తాలు వేరే ట్యాబ్‌లో వేసుకోండి.

ఒకే ఫ్లాట్ గడులు నిలువునా కలిపి మర్జ్ చేశాను. ఇప్పుడు సార్ట్ కావట్లేదు.

కాదు. నిలువుగా కలిపిన గడులుంటే సార్ట్ చేయలేనని షీటే సందేశం చూపిస్తుంది. మొత్తం ఎంచుకుని ఫార్మాట్ మెనూలో 'మర్జ్ సెల్స్', అందులో 'అన్‌మర్జ్' నొక్కండి. విడదీశాక విలువ పైగడిలో మాత్రమే మిగులుతుంది, కింది గడులన్నీ నింపుకోవాలి. లెక్కలు రాసే ట్యాబ్‌లో మర్జ్ అసలు వాడకపోవడమే నయం. నోటీసు బోర్డుకి ప్రింటు తీసే ట్యాబ్‌లో ఎంతైనా వాడుకోండి.

ఏ-101 అని రాస్తున్నాం. సార్ట్ చేస్తే ఏ-1001 ముందుకొచ్చి కూర్చుంటోంది. ఎందుకు?

'ఏ-101' అనేది షీట్ దృష్టిలో అంకె కాదు, అక్షరాల మాల. ఎడమ నుంచి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ వస్తుంది. 1001లో మూడో స్థానంలో సున్నా, 101లో మూడో స్థానంలో ఒకటి. సున్నా చిన్నది కాబట్టి పదో అంతస్తు మొదటి అంతస్తు కంటే ముందుకొస్తుంది. బ్లాక్ ఒక కాలమ్‌లో, ఫ్లాట్ నంబరు ఇంకో కాలమ్‌లో ఉత్త అంకెగా పెట్టండి. ఇప్పటికే వందల వరుసలు ఎక్కించి ఉంటే, పక్కన ఒక ఖాళీ కాలమ్ చేర్చి, డేటా మెనూలో 'స్ప్లిట్ టెక్స్ట్ టు కాలమ్స్' తీసుకుని, విడదీసే గుర్తుగా అడ్డగీత ఇవ్వండి. రెండుగా విడిపోతుంది.

## వివరాలు ఎక్కించేటప్పుడు

తేదీలు కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు కనిపిస్తున్నాయి. సార్ట్ చేస్తే అన్నీ కలగాపులగం.

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. మన షీట్ సెట్టింగ్ అమెరికాది అయి ఉంటే, అది నెల ముందు, రోజు తర్వాత అని చదువుతుంది. మీరు జూన్ 5 అనుకుంటూ 05/06/2025 రాస్తారు. అది మే 6 అని తీసుకుంటుంది, మీకేమీ చెప్పదు. తర్వాత జూన్ 15 కోసం 15/06/2025 రాస్తారు. పదిహేనో నెల లేదు కాబట్టి అది తేదీ కాదనుకుని మామూలు రాతగా వదిలేస్తుంది. తేదీగా గుర్తించినవి కుడివైపు, రాతగా మిగిలినవి ఎడమవైపు జరుగుతాయి. ఎడమవైపువి కనీసం కంటికి కనబడతాయి. కుడివైపున సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తూ నెల తారుమారైన తేదీలే అసలు ప్రమాదం.

ఫైల్ మెనూలో 'సెట్టింగ్స్' తెరిచి 'లొకేల్' దగ్గర ఇండియా పెట్టండి. ఈ పని మొదటిరోజే చేయాలి. ఆలస్యంగా చేస్తే కొత్తగా రాసేవి సరిపోతాయి గానీ, అప్పటికే మే 6గా నమోదైన జూన్ 5 తనంతట తాను దిద్దుకోదు. షీట్ లోపల ప్రతి తేదీ ఒక అంకెగా ఉంటుంది. 1899 డిసెంబర్ 30 నుంచి ఎన్ని రోజులో లెక్కపెట్టిన అంకె అది. ఒకసారి తప్పు రోజుకి కుదురుకున్న అంకెను బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని మనమే సరిచేయాలి. సరైన తేదీయో కాదో తేల్చుకోవడానికి గడి మీద రెండుసార్లు నొక్కండి. చిన్న క్యాలెండర్ తెరుచుకుంటే అది తేదీ. ఆ క్యాలెండర్‌లో ఏ నెల కనిపిస్తోందో కూడా చూడండి.

నెలల పేర్లు సార్ట్ చేస్తే ఏప్రిల్ తర్వాత ఆగస్టు, డిసెంబర్ వస్తున్నాయి.

ఇంగ్లీషు అక్షరక్రమంలో వాటి వరుస అదే. 'ఏ నెలకి' అనే కాలమ్‌లో పేరు రాయకుండా ఆ నెల మొదటి తేదీ రాయండి. జూన్‌కి 01/06/2025. తర్వాత ఆ కాలమ్ ఎంచుకుని ఫార్మాట్, నంబర్, 'కస్టమ్ డేట్ అండ్ టైమ్'లో నెల, సంవత్సరం మాత్రమే కనిపించేలా పెట్టుకోండి. కంటికి నెల పేరు కనిపిస్తుంది, సార్ట్ మాత్రం కాలక్రమంలో జరుగుతుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి కాబట్టి మనకి ఇది మరీ అవసరం.

సీరియల్ నంబరు చేత్తో వేయాలా, ఫార్ములాతోనా?

ఆ నంబరు దేనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రింటులో 1, 2, 3 అని కనిపిస్తే చాలనుకుంటే ఫార్ములా పెట్టండి. సమానం గుర్తు, 'రో' ఫంక్షన్, ఖాళీ బ్రాకెట్లు, మైనస్ 1. మొదటి వరుస శీర్షికలది కాబట్టి ఒకటి తీసేస్తున్నాం. వరుసలు ఎటు జరిగినా పై నుంచి కిందికి సంఖ్యలు క్రమంగానే ఉంటాయి.

రసీదు నంబరులాగా ఆ పద్దుకి శాశ్వతంగా ఉండాలంటే మాత్రం ఫార్ములా పనికిరాదు, సార్ట్ చేయగానే నంబరు మారిపోతుంది. అప్పుడు ఉత్త అంకెలే కొట్టండి. మొదటి రెండు గడుల్లో 1, 2 వేసి, రెండూ ఎంచుకుని, మూలనున్న చిన్న చుక్కను పట్టి కిందికి లాగితే మిగతావి పడతాయి. నా సలహా రెండోదే.

ఒకరు 'ఫోన్ పే', ఒకరు 'ఫోన్‌పే', ఇంకొకరు 'యూపీఐ' అని రాస్తున్నారు. ఒకచోటకి ఎలా తేవాలి?

ఎక్కించే దగ్గరే కట్టడి చేయాలి. ఆ కాలమ్ ఎంచుకుని ఇన్సర్ట్ మెనూలో 'డ్రాప్‌డౌన్' పెట్టి నాలుగే మాటలు ఇవ్వండి. యూపీఐ, బ్యాంకు బదిలీ, చెక్కు, నగదు. ఏరియా పేర్లకీ ఇదే మందు. కేపీహెచ్‌బీ అని ఒకరు, చుక్కలు పెట్టి ఒకరు, హౌసింగ్ బోర్డు అని ఇంకొకరు రాస్తే సార్ట్‌లో అవి మూడు వేరువేరు ఊళ్లు. ఇప్పటికే రాసినవాటికి కంట్రోల్, హెచ్ నొక్కి ఒకదాన్ని ఇంకోదానితో మార్చేయండి.

పార్కింగ్ లిస్టులో బండి నంబర్లు సార్ట్ చేస్తే ఒకే రకంవి కూడా విడిపోతున్నాయి.

ఒకరు టీఎస్ తర్వాత ఖాళీ వదిలి 09 అని రాస్తారు, ఇంకొకరు కలిపి రాస్తారు, మరొకరు అడ్డగీత పెడతారు. ఖాళీ కూడా షీట్‌కి ఒక అక్షరమే. ఖాళీలు, గీతలు లేకుండా అన్నీ కలిపి పెద్దక్షరాల్లో రాయాలని ఒక పద్ధతి పెట్టుకోండి. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీఎస్ బదులు టీజీ వస్తోంది. పాత ఏపీ నంబర్లూ ఇంకా తిరుగుతున్నాయి. అందుకని నంబరు క్రమంలో పెడితే ఏపీ, టీజీ, టీఎస్ అని మూడు గుంపులుగా వస్తాయి. అది తప్పు కాదు. వాచ్‌మన్ వెతుక్కోవడానికి చివరి నాలుగు అంకెలు వేరే కాలమ్‌లో పెట్టి దాన్నిబట్టి సార్ట్ చేసి ఇస్తే పని తేలికవుతుంది.

ఫోన్ నంబరు ముందున్న సున్నా ఎగిరిపోతోంది.

ఆ కాలమ్‌ను ముందే ఎంచుకుని ఫార్మాట్, నంబర్, 'ప్లెయిన్ టెక్స్ట్' పెట్టండి. ఎప్పుడూ కూడని, తీసివేయని అంకెలన్నీ రాతగానే ఉండాలి.

కొత్త చెల్లింపు వస్తే ఆ ఫ్లాట్ పక్కనే వరుస చొప్పించాలా, చివర రాయాలా?

ఎప్పుడూ చివరే. మధ్యలో చోటు వెతికి, కుడి క్లిక్ చేసి, వరుస చొప్పించడం వల్ల సమయం పోతుంది, పైగా పక్క ఫార్ములాలు కొత్త వరుసలోకి దిగకపోవచ్చు. కింద రాసుకుంటూ పోండి. ఫ్లాట్‌వారీగా చూడాలనిపిస్తే సార్ట్ రెండు క్లిక్కుల పని.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన పేర్ల లిస్టు అతికిస్తే పేరు, ఫ్లాట్, డబ్బులు అన్నీ ఒకే గడిలో పడ్డాయి.

ఒక్కో లైను ఒక్కో వరుసలో పడితే చాలు, మిగతాది సులువు. ఆ కాలమ్ ఎంచుకుని డేటా మెనూలో 'స్ప్లిట్ టెక్స్ట్ టు కాలమ్స్' నొక్కండి. జనం కామా పెట్టి ఉంటే కామా, గీత పెట్టి ఉంటే గీత విడదీసే గుర్తుగా ఇవ్వండి. తర్వాత అదే మెనూలో 'డేటా క్లీనప్' లోపల 'ట్రిమ్ వైట్‌స్పేస్' నడపండి. వాట్సాప్ నుంచి వచ్చిన రాతల్లో పేరు ముందో వెనకో కనిపించని ఖాళీలు ఉంటాయి. పేరు ముందు ఒక ఖాళీ ఉన్నా ఆ వరుస సార్ట్‌లో అన్నిటికంటే పైకి పోతుంది.

## సార్ట్ చేసేటప్పుడు

'సార్ట్ షీట్', 'సార్ట్ రేంజ్' రెండూ ఉన్నాయి. ఏది నొక్కాలి?

'సార్ట్ షీట్' మొత్తం ట్యాబ్‌ను కదిలిస్తుంది. పైన కదలకుండా బిగించిన, అంటే ఫ్రీజ్ చేసిన వరుసలు తప్ప అన్నీ కదులుతాయి. ట్యాబ్‌లో ఒకే పట్టిక ఉంటే ఇది వాడండి. 'సార్ట్ రేంజ్' మీరు ఎంచుకున్నంత మేరకే పనిచేస్తుంది. ఒకే ట్యాబ్‌లో పైన ఒక పట్టిక, పక్కన ఇంకో పట్టిక ఉన్నప్పుడు ఇదే దిక్కు. అసలు ట్యాబ్‌కి ఒక పట్టిక చొప్పున పెట్టుకుంటే ఈ ప్రశ్నే రాదు.

సార్ట్ కొట్టాక పేర్లు ఒకచోట, డబ్బులు ఒకచోట అయిపోయాయి. కట్టనివాళ్లు కట్టినట్టు కనిపిస్తున్నారు!

పేర్ల కాలమ్ ఒక్కటే ఎంచుకుని 'సార్ట్ రేంజ్' కొట్టి ఉంటారు. పేర్లు మాత్రమే కదిలాయి, పక్క కాలమ్‌లు ఉన్నచోటే ఉన్నాయి. ఇంకేమీ ముట్టుకోకుండా వెంటనే కంట్రోల్, జడ్ నొక్కండి. షీట్ మూసేసి ఉంటే ఫైల్ మెనూలో 'వెర్షన్ హిస్టరీ' తెరిచి, సార్ట్‌కి ముందున్న రూపం చూసి, దాని పక్క మూడు చుక్కల్లో 'మేక్ ఎ కాపీ' తీసుకోండి. ఆ కాపీతో పోల్చుకుని సరిచేయొచ్చు.

ఇక మీదట సార్ట్ చేసేముందు పట్టికలోని అన్ని కాలమ్‌లూ ఎంచుకోండి. లేదా పట్టికకి ఫిల్టర్ పెట్టి, శీర్షిక పక్క చిన్న గుర్తు నొక్కి అక్కడి నుంచి సార్ట్ చేయండి. ఫిల్టర్ పరిధిలోని వరుస మొత్తం కలిసే కదులుతుంది. బాకీల లిస్టు గ్రూపులో పెట్టేముందు ఎవరివైనా రెండు మూడు ఫ్లాట్ల వివరాలు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడండి. కట్టినవాళ్ల పేరు బాకీదారుల్లో పడితే ఆ మాట ఏళ్లపాటు మిగిలిపోతుంది.

శీర్షికల వరుస కూడా కిందికి వెళ్లిపోయింది.

వ్యూ మెనూలో 'ఫ్రీజ్', అందులో '1 రో'. ఇలా చేసిన వరుసను 'సార్ట్ షీట్' కదపదు, కిందికి స్క్రోల్ చేసినా కంటి ముందే ఉంటుంది.

ముందు బ్లాక్ ప్రకారం, బ్లాక్ లోపల ఫ్లాట్ ప్రకారం, ఫ్లాట్ లోపల తేదీ ప్రకారం రావాలి. కుదురుతుందా?

కుదురుతుంది. శీర్షికతో సహా మొత్తం ఎంచుకుని డేటా మెనూలో 'సార్ట్ రేంజ్', ఆపై 'అడ్వాన్స్‌డ్' నొక్కండి. 'డేటా హ్యాజ్ హెడర్ రో' అనే పెట్టెలో టిక్ పెడితే కాలమ్‌లు ఏ, బి, సి అని కాకుండా మీ శీర్షికల పేర్లతో కనిపిస్తాయి. మొదట బ్లాక్ ఇచ్చి, 'యాడ్ అనదర్ సార్ట్ కాలమ్' నొక్కి ఫ్లాట్, మళ్లీ నొక్కి తేదీ ఇవ్వండి. పైన ఇచ్చింది ముందు, కింద ఇచ్చింది తర్వాత.

తెలుగులో రాసిన పేర్లు అక్షరక్రమంలో వస్తాయా?

వస్తాయి. అ, ఆ నుంచి హల్లుల దాకా మన క్రమమే. కాకపోతే ఒకే కాలమ్‌లో కొన్ని పేర్లు ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో ఉంటే ఇంగ్లీషువి ముందు, తెలుగువి తర్వాత రెండు గుంపులవుతాయి. ఏదో ఒక లిపికి కట్టుబడండి. మనవాళ్లలో ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు చివర పొడి అక్షరంగా పెడతారు. ఇంటిపేరు, పేరు రెండు కాలమ్‌లు చేస్తే ఎవరు ఎలా వెతికినా దొరుకుతారు.

సార్ట్ చేశాక 'నిల్వ' కాలమ్ మొత్తం తప్పులతడకైంది.

ఆ కాలమ్‌లో పైవరుస నిల్వకి ఈ వరుస జమ కలిపి, ఖర్చు తీసేసే ఫార్ములా ఉండి ఉంటుంది. అంటే ప్రతి వరుసా తన పైవరుస మీద ఆధారపడి ఉంది. తేదీ క్రమంలో ఉన్నంతకాలం బాగుంటుంది. ఫ్లాట్‌వారీగా సార్ట్ చేస్తే పైవరుస మారిపోతుంది, నిల్వకి అర్థం ఉండదు. వరుసలు కదిలేకొద్దీ ఫార్ములాలు వేరే గడులను పట్టుకుని, ఒక్కోసారి తేదీ క్రమానికి తిరిగొచ్చినా లెక్క కుదరదు.

రెండు దారులున్నాయి. ఒకటి, జమాఖర్చుల ట్యాబ్‌ను ఎప్పుడూ తేదీ క్రమంలోనే ఉంచి, వేరే క్రమం కావలసినప్పుడు కొత్త ట్యాబ్‌లో 'సార్ట్' ఫంక్షన్‌తో చూసుకోవడం. సమానం గుర్తు, సార్ట్, బ్రాకెట్లో పట్టిక పరిధి, కామా, ఎన్నో కాలమ్ ప్రకారమో ఆ అంకె, కామా, ట్రూ. అసలు పట్టిక కదలదు, కొత్త ట్యాబ్‌లో మీకు కావలసిన క్రమం కనిపిస్తుంది, పరిధిని చివరి వరుస నంబరు లేకుండా ఇస్తే, పాతదాంట్లో కొత్త వరుస చేరినప్పుడు ఇక్కడా చేరుతుంది. ఆ ట్యాబ్‌లోకి నిల్వ కాలమ్ తీసుకురాకండి. రెండోది, వరుసవారీ నిల్వే తీసేసి, మొత్తం జమ, మొత్తం ఖర్చు, మిగిలింది అని మూడు గడులు వేరే ట్యాబ్‌లో పెట్టడం. చిన్న అపార్ట్‌మెంట్లకి రెండోదే హాయి.

మొదట ఉన్న క్రమానికి మళ్లీ ఎలా తేవాలి?

సార్ట్‌కి వెనక్కి వెళ్లే బటనంటూ ఏదీ లేదు, కంట్రోల్ జడ్ తప్ప. అందుకే ఎక్కించిన క్రమం చెప్పే శాశ్వత నంబరు ఒక కాలమ్‌లో ఉండాలి. దాని ప్రకారం సార్ట్ చేస్తే ఎక్కించినప్పటి వరుస తిరిగొస్తుంది.

ఖాళీ గడులు పైకి రావాలి, ఎవరు కట్టలేదో ముందు చూడాలి. ఏ టు జడ్ పెట్టినా, జడ్ టు ఏ పెట్టినా కిందే ఉంటున్నాయి.

ఖాళీలు ఎటు సార్ట్ చేసినా కిందికే పోతాయి. 'స్థితి' అని ఒక కాలమ్ పెట్టి కట్టారు, బాకీ అని మాటగా రాయించండి. ఖాళీ అంటే కట్టలేదా, మనం ఇంకా ఎక్కించలేదా అన్నది తెలియదు కూడా.

## నలుగురూ కలిసి వాడేటప్పుడు

నేను నా బ్లాక్ వరకు ఫిల్టర్ పెడితే అందరి ఫోన్లలో, కంప్యూటర్లలో మిగతావాళ్లు మాయమవుతున్నారట!

మామూలు ఫిల్టర్ షీట్‌కి పెట్టేది, మీకు పెట్టేది కాదు. దాని బదులు డేటా మెనూలో 'క్రియేట్ ఫిల్టర్ వ్యూ' తీసుకోండి. వరుస నంబర్లున్న పట్టీ ముదురు రంగులోకి మారితే మీరు సొంత వ్యూలో ఉన్నట్టు. అందులో ఏం దాచినా, ఏం సార్ట్ చేసినా ఇతరులకి మారదు. 'ఏ బ్లాక్ బాకీలు', 'ట్యాంకర్లు మాత్రమే' అని పేర్లు పెట్టి దాచుకుంటే మళ్లీ మళ్లీ వాడొచ్చు. చూసే అనుమతి మాత్రమే ఉన్నవాళ్లు కూడా తాత్కాలికంగా ఇలా చూసుకోగలరు. ఒక్క జాగ్రత్త, వ్యూలో ఉండి గడిలో విలువ దిద్దితే అది అందరికీ మారుతుంది.

ఫిల్టర్ పెట్టాను గానీ కింద మొత్తం మారలేదు.

'సమ్' ఫంక్షన్ దాగిన వరుసలను కూడా కూడుతుంది. 'సబ్‌టోటల్' వాడండి. బ్రాకెట్లో ముందు 109, కామా, తర్వాత పరిధి. కంటికి కనిపించే వరుసలు మాత్రమే కూడుతుంది. 9 ఇస్తే ఫిల్టర్‌తో పోయినవి వదిలేస్తుంది గానీ, మీరు చేత్తో దాచినవి కలుపుకుంటుంది.

బాకీ ఉన్నవాళ్ల వరుసలకి ఎరుపు రంగు వేస్తున్నాం. సరైన పద్ధతేనా?

రంగు ప్రకారం సార్ట్, ఫిల్టర్ రెండూ ఉన్నాయి కాబట్టి పని జరుగుతుంది. కానీ రంగు ఎందుకు వేశారో రంగు చెప్పదు. డబ్బు అందాక రంగు తీయడం మరిచిపోతారు. 'స్థితి' కాలమ్‌లో బాకీ అని మాట రాసి, ఫార్మాట్ మెనూలో 'కండిషనల్ ఫార్మాటింగ్' పెడితే మాట మారగానే రంగు తనే పోతుంది. ఇంకొకటి, అడగకపోయినా చెప్పాలి. లింకున్న ఎవరైనా చూడొచ్చు అని షేర్ చేసిన షీట్‌లో ఫోన్ నంబర్లు, బాకీల లిస్టు పెట్టకండి. ఆ లింకు అపార్ట్‌మెంట్ దాటి ఎక్కడికైనా పోతుంది. ఆ ఇంట్లో ఆసుపత్రి ఖర్చులున్నాయో, ఉద్యోగం పోయిందో మనకి తెలియదు.

గూగుల్ ఫారంలో చందా వివరాలు తీసుకుంటున్నాం. ఆ షీట్‌ను సార్ట్ చేయొచ్చా?

ఫారం నుంచి వచ్చే ట్యాబ్‌ను ముట్టుకోకుండా వదిలేయండి. కొత్త జవాబులు వస్తూనే ఉంటాయి. మీరు పెట్టిన క్రమం నిలవదు, పక్కన చేత్తో రాసిన గుర్తులు, ఫార్ములాలు తప్పు వరుసల పక్కకి చేరే వీలుంది. వేరే ట్యాబ్‌లో 'సార్ట్' ఫంక్షన్‌తో దాన్ని తెచ్చుకుని చూసుకోండి.

అందరికీ ఎడిట్ ఇస్తే ఎవరో ఒకరు సార్ట్ చేసేస్తున్నారు.

లెక్కల ట్యాబ్‌కి డేటా మెనూలో 'ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్' పెట్టి కోశాధికారికీ, ఇంకొకరికీ మాత్రమే అనుమతి ఇవ్వండి. ఒక్కరికే ఇస్తే ఆయన ఊరెళ్లినప్పుడు పని ఆగుతుంది.

ఫోన్‌లో సార్ట్ చేయొచ్చా?

చేయొచ్చు. కాలమ్ అక్షరం నొక్కితే వచ్చే మెనూలో ఉంటుంది. అయినా చిన్న తెరమీద ఎంత ఎంచుకున్నామో సరిగ్గా కనబడదు. ఫోన్‌లో ఎక్కించండి, చూడండి. సార్ట్ మాత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే.

## ఏదో తేడా వచ్చినప్పుడు

కొన్ని వరుసలు మాయమయ్యాయి. ఎవరైనా తీసేశారా?

ముందు ఎడమవైపు వరుస నంబర్లు చూడండి. 14 తర్వాత 22 కనిపిస్తే అవి పోలేదు, దాగి ఉన్నాయి. శీర్షికలో ఫిల్టర్ గుర్తు వెలిగి ఉంటే ఫిల్టర్ పని. నంబర్ల మధ్య చిన్న బాణాలుంటే ఎవరో 'హైడ్' చేశారు, బాణం నొక్కితే తెరుచుకుంటుంది. పక్కన ప్లస్ గుర్తుంటే వరుసలను గ్రూపు చేసి మడిచారు. నంబర్లు వరుసగా ఉండి పద్దు మాత్రం కనిపించకపోతే అప్పుడు తీసేసినట్టే, లేదా సార్ట్ వల్ల వేరేచోటికి పోయి ఉండాలి. కంట్రోల్, ఎఫ్ నొక్కి లావాదేవీ నంబరుతో వెతికాకే ఒకరిని అడగండి.

ఈ అంకె ఎవరు మార్చారో తెలుసుకోవచ్చా?

గడి మీద కుడి క్లిక్ చేసి 'షో ఎడిట్ హిస్టరీ' నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఏ అంకె నుంచి ఏ అంకెకి మార్చారో కనిపిస్తుంది. వరుసలు చేర్చడం, తీసేయడం లాంటివి అక్కడ కనబడకపోవచ్చు. వాటికి 'వెర్షన్ హిస్టరీ' చూడాలి. అక్కడ 'రీస్టోర్' నొక్కేముందు ఆగండి. ఆ తర్వాత మిగతావాళ్లు ఎక్కించినవన్నీ కూడా వెనక్కి పోతాయి. పాత రూపాన్ని కాపీ తీసుకుని, కావలసిన వరుసలే అందులోంచి తెచ్చుకోవడం మేలు.

ఒకే చెల్లింపు ఇద్దరు ఎక్కించారు. రెండేసి వరుసలు ఎలా పట్టుకోవాలి?

డేటా మెనూలో 'డేటా క్లీనప్', 'రిమూవ్ డూప్లికేట్స్' ఉంది. కానీ డబ్బు లెక్కల మీద దాన్ని నేరుగా నడపకండి. ఫ్లాట్, మొత్తం చూసి తీసేయమంటే ఏ నెల మెయింటెనెన్స్ అయినా అదే ఫ్లాటు, అదే మొత్తం కదా, నిజమైన చెల్లింపులు పోతాయి. లావాదేవీ నంబరు ప్రకారం సార్ట్ చేస్తే జంటలు పక్కపక్కకి వస్తాయి. కంటితో చూసి తీయండి. తీసేటప్పుడు డిలీట్ మీట నొక్కితే రాత మాత్రమే చెరిగి ఖాళీ వరుస మిగులుతుంది. వరుస నంబరు మీద కుడి క్లిక్ చేసి 'డిలీట్ రో' అనాలి.

ప్రతి ఏడాదీ కొత్త షీట్ తెరవాలా? పాతదాంట్లోనే రాస్తే బరువైపోదా?

ఒక గూగుల్ స్ప్రెడ్‌షీట్‌లో కోటి గడుల దాకా పడతాయి. 60 ఫ్లాట్లు, పన్నెండు నెలలు అంటే ఏడాదికి 720 వరుసలు. ఎనిమిది కాలమ్‌లు వేసుకున్నా పదేళ్లకి 57,600 గడులే. బరువు గురించి ఆలోచించక్కర్లేదు. కొత్త ఏడాదికి కొత్త ట్యాబ్ తెరిస్తే, 'ఈ ఫ్లాట్ పోయిన మార్చిది ఎప్పుడు కట్టింది' అని అడిగినప్పుడు రెండు చోట్ల వెతకాలి. అదే పట్టికలో రాస్తూ, 'ఆర్థిక సంవత్సరం' అని ఒక కాలమ్ చేర్చి, ఈ ఏడాదికి ఒక ఫిల్టర్ వ్యూ పెట్టుకోండి. మార్చి 31న మాత్రం ట్యాబ్ పేరు మీద కుడి క్లిక్ చేసి 'డూప్లికేట్' తీసి, దాన్ని ప్రొటెక్ట్ చేసి ఉంచండి. జనరల్ బాడీ మీటింగులో ఆమోదించిన లెక్క ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంటుంది.